పుట్టగొడుగులకు మసాలా కాల్చకముందు పట్టించాలా, కాల్చిన తర్వాతా?

ముద్దపప్పు (ప్రశ్న అడిగినవారు)

మా ఇంట్లో నెలకు రెండు మూడు సార్లు పుట్టగొడుగులను కాల్చి, పప్పన్నంలోకో పెరుగన్నంలోకో నంజుకోవడానికి పెట్టుకుంటాం. ఇన్నాళ్లూ నేను అనుసరించిన పద్ధతి అందరికీ తెలిసినదే. 200 గ్రాముల ప్యాకెట్‌లోని తెల్ల బటన్ పుట్టగొడుగులను సగాలుగా కోసి, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, ఉప్పు, నిమ్మరసం కలిపి రెండు గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టి, ఆ తర్వాత గ్రిల్ పెనం మీద పరుస్తాను. ప్రతిసారీ గిన్నె అడుగున పలచటి ఎర్రనీరు చేరుతుంది, పెనం మీద ముక్కలు కాలడానికి బదులు ఆ నీటిలో ఉడుకుతాయి, చివరికి రబ్బరులా సాగే ముక్కలు, మాడిన వెల్లుల్లి మిగులుతాయి. మొన్న పండుగకు వచ్చిన మా తోడికోడలు ఉత్త పుట్టగొడుగులను ముందుగా కాల్చి, దించిన వెంటనే మసాలా కలిపి మూతపెట్టింది. నాకు అదే నచ్చింది. మా మామగారు మాత్రం, లోపలికి దిగని మసాలా పైన పులుముకున్న రంగు లాంటిదని ఒక్క మాటలో కొట్టిపారేశారు. అనుభవం ఉన్నవారు కారణంతో సహా చెప్పగలరని ఇక్కడ అడుగుతున్నాను.

కుంపటి

మీ తోడికోడలి పద్ధతే సరైనదని నా అభిప్రాయం. బటన్ పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులకు పైగా నీరే ఉంటుంది. మిగిలిన కొద్ది పదార్థమూ సన్నని పోగుల అల్లిక, ఆ పోగుల నడుమ నిండా గాలి. పచ్చి పుట్టగొడుగును నొక్కితే స్పాంజిలా మెత్తగా తగలడానికి కారణం ఆ గాలే. దానికి ఉప్పు పట్టించి రెండు గంటలు ఉంచితే ఉప్పు లోపలి నీటిని బయటకు లాగుతుంది, బయటకు వచ్చిన నీరు మీ పెరుగును పలచన చేస్తుంది, అదంతా పెనం మీదికి చేరాక ఆ నీరు ఆవిరయ్యేదాకా ముక్క ఉపరితలం 100 డిగ్రీలు దాటదు. మనం కోరుకునే గోధుమరంగు, కాలిన కమ్మదనం 140 డిగ్రీలు దాటిన తర్వాతే ఊపందుకుంటాయి కాబట్టి, మీ పెనం తన శక్తినంతా నీళ్లు మరిగించడానికే ఖర్చు పెడుతోందన్న మాట.

లోపలికి దిగడమన్న మీ మామగారి మాటకు వద్దాం. పచ్చి పుట్టగొడుగులో గాలి అడ్డుపడి, మసాలా చాలావరకు కోసిన ముఖం మీదా, గొడుగు కింది మడతల్లోనూ నిలిచిపోతుంది. అదే ముక్కను ముందుగా కాలిస్తే గాలి, నీరు బయటకు పోయి అల్లిక ముడుచుకుంటుంది, వేడివేడిగా ఉన్న ఆ ముక్క మీద నూనె, నిమ్మరసం పోస్తే చల్లారుతున్న కొద్దీ పీల్చుకుంటుంది. కాబట్టి మీ మామగారు కోరుకున్నది దొరికేది రెండో పద్ధతిలోనే.

ఇంకొక మాట. పుట్టగొడుగు కణాల గోడలు కైటిన్ అనే పదార్థంతో అల్లినవి, అది వేడికి కరగదు. వంకాయలాగా గుజ్జు కాదు కనుక, నీరంతా ఇంకేదాకా మరో ఐదు నిమిషాలు పొయ్యి మీద ఉంచడానికి భయపడనక్కరలేదు.

తందూరు మనిషి

కుంపటి గారు చెప్పిన కారణాలతో నాకు పేచీ లేదు, వారి తీర్పుతోనే పేచీ. పదకొండేళ్లుగా పెళ్లి వంటల్లో చువ్వలు కాలుస్తున్నవాడిగా చెబుతున్నాను. పుట్టగొడుగు టిక్కాలో మసాలా లోపలికి దిగాలని అసలు ఎవరూ ఆశించరు. అది పైన పట్టే పెచ్చు కోసం. పెరుగులోని పాలపదార్థం, శనగపిండి, ఆవనూనె కలిసి ముక్క చుట్టూ పొరగా నిలిచి, నిప్పు తగిలి అక్కడక్కడ నల్లబడితేనే దానికి టిక్కా అన్న పేరు నిలుస్తుంది. కాల్చిన తర్వాత కలిపిన పెరుగుకు పచ్చివాసన పోదు. కాల్చి కలిపినది పుట్టగొడుగుల సలాడ్ అవుతుందేమో గానీ టిక్కా మాత్రం కాదు.

ప్రశ్న అడిగిన అమ్మ చేస్తున్న పొరపాటు మసాలా ముందు పట్టించడం కాదు, పలచటి పెరుగులో ఉప్పు వేసి రెండు గంటలు వదిలేయడం. పెరుగును గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీయాలి. శనగపిండిని కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి కలపాలి. మసాలా అన్నం ముద్దకు పట్టిన పచ్చడిలా అంటుకోవాలే తప్ప జారకూడదు. ఉప్పును చువ్వకు గుచ్చే ముందు మాత్రమే కలపాలి. మేము పెద్దమొత్తంలో చేసేటప్పుడు పుట్టగొడుగులను ముందుగా పెద్ద మంట మీద నూనె లేకుండా రెండు నిమిషాలు తిప్పి, నీరు వదిలించి, గుడ్డ మీద ఆరబెట్టి, అప్పుడు మసాలా పట్టిస్తాం. నలభై కిలోలకు పనికొచ్చిన పద్ధతి ఒక ప్యాకెట్‌కు పనికిరాకుండా పోదు.

కుంపటి

మీరు చెప్పిన చివరి వాక్యాలను మరొకసారి చదవమని మనవి. నీరు వదిలించడం ముందు, మసాలా తర్వాత. ఆ లెక్కన మీరు కూడా నా వైపే నిలబడి, మధ్యలో ఆపి పొయ్యిని రెండోసారి వెలిగిస్తున్నారు! పైగా తందూరులో నీరు నిప్పుల మీదికి కారిపోతుంది, వేడి నలువైపుల నుంచీ తగులుతుంది. ఇంటి ఓవెన్ సాధారణంగా 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, గ్రిల్ పెనం ఒక్క వైపు నుంచే కాలుస్తుంది, కారిన నీరు దాని గాళ్లలోనే నిలుస్తుంది. తందూరుకు తగిన పద్ధతిని పెనానికి అంటగట్టడమే మన ఇళ్లలో ఈ వంట చెడడానికి సగం కారణం.

డల్లాస్ పెరడు

ఇక్కడ మేము పెరట్లో గ్యాస్ గ్రిల్ మీద అరచేయంత పోర్టొబెల్లో పుట్టగొడుగులను కాలుస్తాం. అది వేరే జాతి కాదు. తెల్ల బటన్, గోధుమరంగు క్రెమినీ, పోర్టొబెల్లో మూడూ ఒకే జాతి, పోర్టొబెల్లో ముదిరేదాకా పెంచిన గోధుమరంగుదే. తెల్లది 1920లలో పెన్సిల్వేనియాలోని ఒక తోటలో గోధుమరంగు వాటి మధ్య అనుకోకుండా పుట్టిందని చెబుతారు. ముదిరిన దానిలో నీరు కాస్త తక్కువ, రుచి ఎక్కువ. నేను మొదట నూనె మాత్రం రాసి, మడతల వైపు పైకి ఉండేలా పెట్టి, ఆ గిన్నెలాంటి భాగంలో ఊరిన రసాన్ని చివర ఒంపేసి, అప్పుడు తిప్పుతాను. వెల్లుల్లి, మిరియాలు, నిమ్మరసం అన్నీ దించాకే. స్పెయిన్‌లోని లొగ్రొన్యో పట్టణంలో లౌరెల్ వీధికి వెళ్లినప్పుడు అక్కడి చిన్న దుకాణాల్లోనూ పుట్టగొడుగులను వేడి ఇనుప పలక మీద కాల్చి, వెల్లుల్లి నూనెను తర్వాతే పోయడం చూశాను. పెరుగు సంగతి నాకు తెలియదు కానీ, నూనె మసాలాల వరకు నా ఓటు కుంపటి గారికే.

పాల పుట్టగొడుగు రైతు

అందరూ బటన్ గురించే మాట్లాడుతున్నారు. బటన్‌కు పంట దశలో 14 నుంచి 18 డిగ్రీల చలి కావాలి కనుక మన దగ్గర అది ఏసీ గదుల్లో పండేది, లేకపోతే దూరం నుంచి వచ్చేది. మన ఎండలకు తగినది పాల పుట్టగొడుగు. 30 నుంచి 35 డిగ్రీల వేడిలో, వరిగడ్డి మీద, పైన మట్టి పొర కప్పితే పండుతుంది. పశ్చిమ బెంగాల్‌లో దొరికిన ఈ జాతికి 1974లో శాస్త్రీయంగా పేరు పెట్టారు, కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో ఏపీకే-2 అనే రకాన్ని విడుదల చేశాక దక్షిణాదిలో సాగు విస్తరించింది.

చర్చకు సంబంధించిన సంగతి ఏమిటంటే, దీని కాడ బొటనవేలికంటే లావుగా, గట్టిగా ఉంటుంది. కాడను రూపాయి బిళ్లల్లా కోసి కాలిస్తే పన్నీరు ముక్కలా నిలుస్తుంది, బటన్ వదిలినంత నీరు వదలదు. దానికి మసాలా ముందే పట్టించినా పెద్దగా నష్టం లేదు. ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగు ఇందుకు పూర్తిగా భిన్నం. పలచటి రెక్కలు కనుక పెరుగు తగిలితే ముద్దయిపోతుంది, పొడిగా కాల్చి ఉప్పు చల్లడమే దానికి మేలు. ఏ పుట్టగొడుగో చెప్పకుండా ముందా తర్వాతా అని తేల్చడం, ఏ బియ్యమో చెప్పకుండా ఎసరు లెక్క అడగడం లాంటిది.

వానాకాలంలో పుట్టల మీద మొలిచేవాటిని కాల్చవచ్చా అని ఎవరైనా అడగకముందే చెబుతున్నాను. గుర్తుపట్టడం వంశపారంపర్యంగా తెలిసినవారు పక్కన లేకపోతే వాటి జోలికి వెళ్లకండి. ప్రాణాంతకమైన కుక్కగొడుగుల విషం కాల్చినా ఉడికించినా పోదు, ఏ మసాలాకూ లొంగదు.

ముద్దపప్పు

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం మూడు ప్యాకెట్లు తెచ్చి మూడు విధాలుగా చేశాను. కడగాలా తుడవాలా అన్న సందేహం కూడా ఉండేది. కుళాయి కింద గబగబా కడిగి గుడ్డతో అద్దితే ఏ తేడా కనిపించలేదు, నీళ్లలో నానవేయకుంటే చాలు.

మొదటిది నా పాత పద్ధతి. ఫలితం మీకు తెలిసిందే. రెండోది తందూరు మనిషి గారి పద్ధతి. నీరు వదిలించి, ఆరబెట్టి, గట్టి పెరుగు, వేయించిన శనగపిండి పట్టించి, ఉప్పు చివరలో వేశాను. పెచ్చు నిజంగానే వచ్చింది, మామగారు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. అయితే పెనం కడగడానికి నాకు అరగంట పట్టింది. మూడోది కుంపటి గారిది. పొగలు వచ్చేదాకా కాగిన పెనం మీద, ముక్కకు ముక్క తగలకుండా, కోసిన ముఖం కిందికి పెట్టి, నాలుగు నిమిషాలు కదిలించకుండా ఉంచి తిప్పాను. దించగానే నువ్వుల నూనె, దంచిన మిరియాలు, సన్నగా తరిగిన వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు, కాస్త కరివేపాకు పొడి కలిపి పావుగంట మూతపెట్టాను. ప్యాకెట్ మొత్తం దాదాపు సగానికి తగ్గింది కానీ పప్పన్నంలోకి ఇదే సరిగ్గా కుదిరింది. మొదటిదాన్ని ఎవరూ ముట్టలేదు.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. మూడో రకాన్ని నూనె ఎక్కువ పోసి, ఊరగాయలాగా సీసాలో పెట్టి, వంటింటి అరలో వారం పది రోజులు ఉంచుకోవచ్చా?

కుంపటి

ఉంచకండి. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతాను. ఆవకాయను కాపాడేది పైన తేలే నూనె మాత్రమే కాదు, అందులోని ఉప్పు, మామిడి పులుపు కూడా. కాల్చిన పుట్టగొడుగులోనూ, పచ్చి వెల్లుల్లిలోనూ పులుపు దాదాపు లేదు, తేమ మాత్రం చాలినంత ఉంది. అలాంటివాటిని నూనెలో ముంచితే గాలి తగలదు, గాలి లేనిచోట మామూలు గది వేడిలో బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధను కలిగించే సూక్ష్మజీవి పెరిగి విషాన్ని తయారు చేయగలదు. వాసనలోనూ రంగులోనూ తేడా తెలియకపోవచ్చు. మీరు పిండే ఒక నిమ్మచెక్క దాన్ని ఆపడానికి చాలదు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయండి, మిగిలితే పారేయండి.

తందూరు మనిషి

ఆ మాటకు నేనూ సంతకం పెడతాను. పెనం కడగడానికి అరగంట పట్టిందన్నారు కనుక ఒక చిట్కా. గ్రిల్ పెనం వదిలేసి, వెదురుపుల్లలను అరగంట నీళ్లలో నానబెట్టి, వాటికి గుచ్చి, జాలీ మీద నేరుగా మంటకు చూపించండి. కుంపటి గారి పద్ధతిని కూడా ఒకసారి మా నిప్పుల మీద చేసి చూస్తాను, కాకపోతే నిమ్మరసం బదులు చింతపండు పులుసు చిక్కగా కాచి పోస్తాను. మీ మామగారు రెండుసార్లు వేయించుకున్నది నా పద్ధతినేనన్న సంగతి మాత్రం ఇక్కడ రాసి ఉండనివ్వండి.