గ్రంథాల్లో ఉన్నది నిజమని ఆధారాలతో తేల్చగలమా?

మిర్యాలగూడ_పిలగాడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇంట్లో అందరం వాడపల్లి నరసింహస్వామి భక్తులం. కొన్నాళ్లుగా మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒకటే గొడవ. మా బాబాయ్ కొడుకు సముద్రంలో ద్వారక దొరికింది, 9,500 ఏళ్ల నాటిదని వస్తువు వయసు చెప్పే కార్బన్ పరీక్షలో తేలింది, కాబట్టి మహాభారతం అక్షరం అక్షరం నిజం అంటూ వీడియోలు పెడతాడు. చర్చికి వెళ్లే ఫ్రెండ్ బైబిల్‌లో కూలిపోయాయని చెప్పే యెరికో ఊరి గోడలు తవ్వకాల్లో బయటపడ్డాయి, బైబిల్‌కు ఇంకేం రుజువు కావాలి అంటాడు. ఇంకొకడు ఖురాన్ 1,400 ఏళ్లుగా మారలేదు, అదే పెద్ద ఆధారం అంటాడు. ముగ్గురూ ఆధారం ఆధారం అంటారు గానీ పక్కవాడి ఆధారాన్ని ఒక్కడూ ఒప్పుకోడు.

వాడపల్లి గర్భగుడిలో స్వామి ముఖం ఎత్తులో ఉన్న దీపం కదులుతుంటుంది, కింది దీపం కదలదు, పైది స్వామి ఊపిరికే కదులుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. రేపు ఎవరైనా అది గాలి వల్లే అని తేలిస్తే నా నమ్మకం పోవాలా? తేల్చలేకపోతే పురాణం మొత్తం నిజమైనట్టా?

ఇంకో సంగతి ఉంది, అసలు టెన్షన్ దానితోనే. అమ్మకు షుగర్. గ్రంథంలోనే రాసి ఉంది, దీక్ష చేస్తే మందులతో పని లేదని తెలిసినావిడ ఒకరు చెబుతున్నారు, అమ్మ మాత్రలు ఆపుతానంటోంది. దయచేసి ఎవరి దేవుణ్నీ తిట్టకుండా చెప్పండి.

సూర్యాపేట_సోషల్‌సార్:

తమ్ముడూ, ముందు ఆ 9,500 ఏళ్ల సంగతి. ఆ చెక్క ముక్క దొరికింది ద్వారక దగ్గర కాదు, ఖంభాత్ సింధుశాఖలో. అది సౌరాష్ట్రకు తూర్పువైపు ఉంటుంది, ద్వారక పడమటివైపు. 2002 మొదట్లో కేంద్ర మంత్రే ప్రకటించడంతో దేశమంతా మార్మోగింది. కానీ దాన్ని తవ్వి తీయలేదు, సముద్రం అడుగు నుంచి గాలించి పైకి లాగారు. ఏ పొరలో ఉంది, పక్కన ఏముంది అన్నది తెలియనప్పుడు చెక్క వయసు చెట్టు వయసే చెబుతుంది తప్ప ఊరి వయసు చెప్పదు. ద్వారక దగ్గర 1980లలో ఎస్.ఆర్. రావు గారి బృందం రాతి కట్టడాలు, రాతి లంగర్లు చూసిన మాట నిజం, అయితే అవి ఏ కాలానివన్న దాని మీద పురావస్తు పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు.

హస్తినాపురంలో మాత్రం పద్ధతిగా తవ్వారు. 1950-52లో బి.బి. లాల్ గారు. బూడిదరంగు మీద గీతలున్న మట్టిపాత్రలు దొరికాయి, గంగ వరద ఊరిని కోసేసిన గుర్తులూ దొరికాయి. వరదకు హస్తినాపురం పోతే రాజధానిని కౌశాంబికి మార్చారని పురాణాల్లో ఉంది కాబట్టి లాల్ గారు ఆ రెండింటినీ కలిపారు. ఇది పనికొచ్చే ఆధారమే, నేను తీసిపారేయను. కానీ అక్కడ బయటపడింది చిన్న ఇళ్ల ఊరు. ఊరు ఉందని తేలింది, వరద వచ్చిందని తేలింది. విశ్వరూపం గురించి పలుగూ పారా ఏం చెబుతాయి?

మీ చర్చి ఫ్రెండ్ సంగతీ అంతే. యెరికోలో కూలిన గోడలున్నాయి. 1950లలో తవ్విన కాథ్లీన్ కెన్యన్ ఆ ఊరు క్రీ.పూ. 1550 ప్రాంతంలోనే నాశనమైందని, ఆ గోడలు కూలినప్పుడు ఇశ్రాయేలీయుల నాయకుడిగా బైబిల్ చెప్పే యెహోషువ వచ్చాడనే కాలానికి అక్కడ కోట గోడ లేదని తేల్చింది. మరోవైపు అదే బైబిల్‌లోని దావీదు రాజు వంశం పేరున్న రాతిఫలకం 1993లో ఇజ్రాయెల్‌లోని తెల్ దాన్‌లో బయటపడింది, యేసుకు శిలువ శిక్ష వేసిన రోమన్ అధికారి పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో దొరికింది. ఒకే గ్రంథంలో ఒక సంగతికి ఆధారం దొరికింది, ఇంకోదానికి ఎదురు ఆధారం దొరికింది. గ్రంథం మొత్తాన్ని ఒక్క మూటగా కట్టి నిజమా అబద్ధమా అని అడిగితే జవాబు రాదు, ఏ మాటకు ఆ మాట విడిగా అడగాలి.

మన దగ్గరి ఉదాహరణ చెబుతాను. సాగర్ నీళ్లలో మునిగిన నాగార్జునకొండ మహాచైత్యంలో, అంటే పెద్ద బౌద్ధ స్తూపంలో, ఇంగ్లీషువాళ్ల కాలం తవ్వకాల్లో వెండి భరిణె, అందులో బంగారు భరిణె, దానిలో చిన్న ఎముక ముక్క దొరికాయి. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి చెల్లెలు చాంతిసిరి ఆ చైత్యానికి చేసిన దానాల గురించి అక్కడి శాసనాలే చెబుతాయి, అవి క్రీ.శ. మూడో శతాబ్దానివి. అంటే బుద్ధుడు పోయిన 700 ఏళ్ల తర్వాత. ఆ కాలం వాళ్లు అది బుద్ధుడి ధాతువని, అంటే ఆయన శరీర అవశేషమని, మనసారా నమ్మారనడానికి శాసనం తిరుగులేని సాక్ష్యం. ఆ ఎముక ఎవరిదన్నది మాత్రం ఏ శాసనమూ రుజువు చేయలేదు. మా జిల్లా ఫణిగిరిలో తోరణాల మీద సిద్ధార్థుడు ఇల్లు విడిచిపోయే ఘట్టాన్ని చెక్కారు, ఆ శిల్పం ముందు నిలబడితే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయినా తరగతిలో పిల్లలకు అది ఆ ఘట్టానికి ఫొటో అని చెప్పను. జనం ఏం నమ్మారన్నది చరిత్ర గట్టిగా చెప్పగలదు. నమ్మిన సంగతి జరిగిందా అంటే కొన్నిచోట్ల చెప్పగలదు, చాలాచోట్ల చెప్పలేదు.

పాలమూరు_బాటసారి:

అస్సలాము అలైకుమ్, నమస్తే. నేను ఐదు పూటలా నమాజ్ చేసేవాణ్ని, మీ మూడో ఫ్రెండ్ మాటకు నేను జవాబిస్తాను. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో రెండు ఖురాన్ పత్రాలున్నాయి. ఆ తోలుకు కార్బన్ పరీక్ష చేసి క్రీ.శ. 568-645 మధ్యదని 2015లో ప్రకటించారు. ప్రవక్త గారు 632లో కాలం చేశారు. అంటే ఆయన కాలానికి అంత దగ్గరి రాతప్రతి మన చేతిలో ఉంది, అందులోని సూరాల (అధ్యాయాల) భాగాలు ఇప్పుడు మేం చదివేవాటికి చాలా దగ్గరగా ఉన్నాయి. అయితే పరీక్ష చేసింది తోలును, సిరాను కాదు. పైగా గ్రంథం భద్రంగా నిలిచిందనడం వేరు, అది అల్లాహ్ వాక్కు అనడం వేరు. రెండోది నా ఈమాన్, అంటే విశ్వాసం, దానికి ల్యాబ్ రిపోర్టు నేను ఎన్నడూ అడగలేదు. మావాళ్లలో కొందరు ప్రతి కొత్త సైన్సు సంగతినీ ముందే ఖురాన్‌లో ఉందంటారు, నాకది నచ్చదు. రేపు సైన్సు తన మాట మార్చుకుంటే అప్పుడు ఆయతుకు, అంటే ఖురాన్ వాక్యానికి, అర్థం కూడా మారుస్తామా?

పానగల్లు_ఫిజిక్స్:

నాకు దేవుడి మీద నమ్మకం లేదు, కానీ అడిగిన తీరు నచ్చి రాస్తున్నాను. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు. గర్భగుడిలో పగలంతా స్తంభం నీడ కదలకుండా ఉంటుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదని ఎందరో తలబద్దలు కొట్టుకున్నారు. నేరుగా పడే ఎండ నీడ కాదు అది, పక్కల నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుతురు స్తంభాలకు తగిలి ఏర్పడే నీడ, స్తంభాల అమరికలోనే కిటుకంతా ఉంది. కారణం తెలిశాక గుడికి వచ్చే జనం తగ్గలేదు. కుందూరు చోళుల కాలంలో ఆ లెక్క వేసిన శిల్పుల మీద నాకైతే గౌరవం పెరిగింది.

వాడపల్లి దీపాన్నీ పరీక్షించవచ్చు. పూజారుల అనుమతితో రెండు దీపాల ఎత్తులు మార్చి చూడాలి, తలుపు వేసీ తీసీ చూడాలి, విగ్రహం ముందు కాకుండా అదే ఎత్తులో పక్కన ఇంకో దీపం పెట్టి చూడాలి. గాలి వల్లే అని తేలితే దీపం గురించిన మాట ఒక్కటే పోతుంది. కారణం దొరకకపోతే కారణం తెలియదని మాత్రమే అర్థం, ప్రహ్లాదుడి కథ రుజువైనట్టు కాదు.

అలంపురం_ఆడబిడ్డ:

సార్ చెప్పినవి ఒప్పుకుంటాను. ఒక్కటి కలపాలి. ఆధారం అడగడం మన సంప్రదాయానికి కొత్త కాదు, ప్రమాణాల మీద, అంటే దేన్ని నమ్మదగిన ఆధారంగా తీసుకోవాలన్న దాని మీద, మనవాళ్లు వందల ఏళ్లు వాదించుకున్నారు. నిప్పు చల్లగా ఉంటుందని వంద శ్రుతులు (వేదవాక్యాలు) చెప్పినా అది ప్రమాణం కాదని శంకరులు గీతాభాష్యంలో పద్దెనిమిదో అధ్యాయం దగ్గర రాశారు. కంటికి కనిపించే విషయంలో కన్నే ప్రమాణం, వేదం చెప్పేది కంటికి అందని ధర్మం గురించి అని వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకుల మాట. మరి మనమే ఇప్పుడు వేదాన్ని తవ్వకాల ముందు సాక్షిగా ఎందుకు నిలబెడుతున్నాం? నాకు బాధ కలిగేది అక్కడే.

మహాభారత యుద్ధం తేదీల సంగతీ చూడండి. శ్లోకాల్లోని గ్రహాల స్థానాలను కంప్యూటర్‌లో పెట్టి నరహరి ఆచార్ గారు క్రీ.పూ. 3067 అన్నారు, నీలేశ్ ఓక్ గారు క్రీ.పూ. 5561 అన్నారు. గ్రంథం ఒకటే, ఆకాశం ఒకటే, తేడా దాదాపు 2,500 ఏళ్లు! ఏ శ్లోకాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవాలి, దేన్ని అలంకారం అనుకోవాలి అన్నది మనిషి ఎంచుకుంటున్నాడు కాబట్టే ఇంత తేడా. మా అలంపురం గుళ్లు కట్టించిన చాళుక్యుల వంశంలోని రెండో పులకేశి కాలంలో, 634లో, ఐహోళె శాసనం రాసిన రవికీర్తి భారత యుద్ధం జరిగి 3,735 ఏళ్లయిందన్నాడు. అంటే క్రీ.పూ. 3102. ఏడో శతాబ్దంలో ఆ లెక్క వాడుకలో ఉందనడానికి అది మంచి ఆధారం, యుద్ధం జరిగిన 3,700 ఏళ్లకు రాసిన మాట యుద్ధానికి సాక్ష్యం ఎలా అవుతుంది? నేను జోగులాంబ తల్లి గుడికి వెళ్లేది ఈ లెక్కలు కుదిరాయని కాదు.

నల్లగొండ_సిస్టర్:

అందరూ చరిత్రలో పడిపోయారు, ఆ తల్లి మాత్రల సంగతి ఎవరూ మాట్లాడలేదు. నేను నర్సును. బాబూ, మాత్రలు ఆపనివ్వకు. షుగర్ పెరిగినా చాలామందికి వెంటనే ఏమీ తెలియదు, హాయిగానే ఉంటారు, లోపల కళ్లూ కిడ్నీలూ నరాలూ దెబ్బతింటూ ఉంటాయి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. దీక్ష చేయాలని ఉంటే చేయనివ్వు, కానీ ఉపవాసం ఉంటే ముందు డాక్టర్‌కు చెప్పి డోసు మార్పించు, ఎందుకంటే కొన్ని మాత్రలు వేసుకుని తినకపోతే షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంటుంది, అది చేయించు.

ప్రార్థన మీద కూడా పరీక్ష చేశారు. అమెరికాలో ఆరు ఆస్పత్రుల్లో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. ఎవరో తెలియనివాళ్లు వీళ్ల కోసం ప్రార్థించారు. ప్రార్థన జరుగుతుందో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన అందినవాళ్లలో 52 శాతం మందికి, అందనివాళ్లలో 51 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి. నా వార్డులో రోగి పక్కన కూర్చుని ప్రార్థించేవాళ్లను నేను ఎప్పుడూ ఆపను, ఆ ధైర్యం రోగికి కావాలి. మాత్ర మాత్రం వేళకు పడాల్సిందే. ఒంటి మీద పనిచేస్తుందని చెప్పిన మాటకు ఒంటి మీదే రుజువు అడగాలి, అది ఏ గ్రంథంలో ఉన్నా సరే.

మిర్యాలగూడ_పిలగాడు:

సిస్టర్, చాలా థాంక్స్. మీ జవాబు అమ్మకు చదివి వినిపించాను, ఉపవాసం గురించి డాక్టర్‌ను అడుగుదాం అంది. సార్, చివరగా ఒకటి. మా తమ్ముడితో గ్రూపులో ఎలా మాట్లాడాలి? ఏం చెప్పినా నువ్వు ధర్మద్రోహివి అంటున్నాడు.

సూర్యాపేట_సోషల్‌సార్:

గ్రూపులో వద్దు, పదిమంది చూస్తుంటే ఎవరూ వెనక్కి తగ్గరు. ఇంట్లో కూర్చుని అడుగు: ద్వారక గురించి ఎలాంటి సంగతి బయటపడితే నీ వీడియో తప్పని ఒప్పుకుంటావు? ఏదో ఒకటి చెబితే అతను ఆధారం గురించే మాట్లాడుతున్నాడు, ఇద్దరూ కలిసి వెతకండి, తవ్వకాల రిపోర్టులు నేను పంపుతాను. ఏది దొరికినా ఒప్పుకోను అంటే అది భక్తి, అందులో తప్పేం లేదు, దానికి కార్బన్ పరీక్ష జోడించొద్దని మాత్రం చెప్పు. చర్చికి వెళ్లే ఫ్రెండ్‌నూ ఇదే ప్రశ్న అడుగు, ఒక్క తమ్ముణ్నే అడిగితే అతనికి కోపం రావడం న్యాయమే.