పొగ తాగేవాళ్ళు తగ్గారంట, మీరు నమ్ముతున్నారా?

చక్రి_మాదాపూర్: పెద్దవాళ్ళ పొగాకు వాడకం మీద చేసే గ్యాట్స్ సర్వే లెక్కల్లో 2009-10లో మన దేశంలో పెద్దవాళ్ళు 14 శాతం పొగ తాగేవారు, 2016-17కి 10.7కి పడిపోయింది అంట. సాయంత్రం మా ఆఫీసుల దగ్గర ఏ టీ కొట్టుకైనా రండి, చేతిలో సిగరెట్ లేనోడు కనపడితే చెప్పండి, అమ్మాయిలు కూడా. ఎవరిని అడిగి రాశారో మరి.

ఒంగోలోడు: బ్రో టీ కొట్టుకి వచ్చేదే దమ్ము కొట్టేవాడు, తాగనోడు లోపల క్యాంటీన్లో ఉంటాడు, వాడు నీకెక్కడ కనపడతాడు? అదే సర్వేలో సిగరెట్ 4 శాతం, బీడీ 7.7. నువ్వు చూసేది చిన్న ముక్క. మాది పొగాకు పండించే ఊరే, అయినా చెప్తున్నా తగ్గింది. బస్సులో ముందు సీటోడి పొగ పీల్చుకుంటూ ప్రయాణం చేసినోళ్ళని అడుగు, 2008 అక్టోబర్ 2న పబ్లిక్‌లో తాగొద్దన్న రూల్ వచ్చాక ఎంత తేడానో.

ఇందూరు_పిల్లగాడు: అన్నా బీడీ సంగతి ఎవ్వరు మాట్లాడరు. 2017ల జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్ మీద సెస్, అంటే పైపన్ను ఏసిన్రు, బీడీ మీద ఎయ్యలే. రేటు పెంచితే బంద్ చేస్తరు అంటరు గని, జేబుల పైసల్ లేనోడు సిగరెట్ ఇడిచి బీడీ పడతడు అంతే. అట్లని బీడీ మీద పన్ను గుద్దితే మా దిక్కు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడోళ్ళు ఏం తినాలె? దీనికి జవాబు చెప్పున్రి ముందు.

సిక్కోలు_చిన్నది: ఆడవాళ్ళు 2.9 నుంచి 2 శాతానికి తగ్గారన్నది మాత్రం నేను నమ్ముతా. మా వైపు ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, దాంతో అంగిట్లో క్యాన్సర్లు కూడా వస్తాయి. వాళ్ళ మనవరాళ్ళు చుట్ట ముట్టరు. సర్కారు మాన్పించింది ఏం లేదు, తాగేవాళ్ళు పోతున్నారు అంతే.

చక్రి_మాదాపూర్: సరే, మరి అదే సర్వేలో ఖైనీ, గుట్కా లాంటివి 21.4 శాతం ఉంది కదా, అంటే పొగకి రెట్టింపు. దాన్ని వదిలేసి పొగ తగ్గింది అని సంబరం ఏంటి?

ఒంగోలోడు: అది కూడా 25.9 నుంచి దిగిందే, పూర్తిగా చదువు. నా కంప్లైంట్ వేరే, ప్యాకెట్ మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వేయించారు, లూజుగా ఒకటి కొనుక్కునేవాడు ప్యాకెట్ ఎప్పుడు చూస్తాడు? ముందు లూజు అమ్మకం ఆపమనండి.

ఇందూరు_పిల్లగాడు: పాన్ డబ్బాల ముందు నిలబడి ఎవలు ఆపుతరు అన్నా, నువ్వా?