తోటి విశ్వాసుల సాక్ష్యాలు చూసి అసూయ కలిగితే ఏమి చేయాలి?

ప్రశ్న: సండేస్కూల్ టీచర్, గుంటూరు

అందరికీ వందనాలు. మా సంఘంలో యవ్వనస్థుల కూటానికి వచ్చే అమ్మాయి ఒకామె ఈ మధ్య వాట్సాప్ స్టేటస్‌లు చూడాలంటేనే భయంగా ఉందని చెప్పింది. ఒకరికి అమెరికా వీసా, మరొకరికి నిశ్చితార్థం, ఇంకొకరింట గృహప్రతిష్ఠ కూడిక. ప్రతి ఫోటో కిందా "దేవునికే మహిమ" అని ఉంటుంది కాబట్టి, వాటిని చూసి బాధపడితే దేవుడు చేసిన మేలును చూసి బాధపడినట్లే కదా అన్నది ఆమె వేదన. దీనికి ఫోన్ పక్కన పెట్టడమే మందా? పోస్టులు పెట్టేవారికి కూడా చెప్పవలసినది ఏమైనా ఉందా?

జవాబు: బైబిలు తరగతి నడిపే సహోదరుడు, రాజమండ్రి

టీచర్ గారూ, ఆ అమ్మాయి తన అసూయను చాలామంది పెద్దలకంటే బాగా అర్థం చేసుకున్నది. మత్తయి 20వ అధ్యాయంలో యేసు చెప్పిన ద్రాక్షతోట పనివారి ఉపమానం చూడండి. పొద్దుటినుండి ఎండలో కష్టపడినవారికి ఒప్పుకున్న దేనారం, అంటే ఒక రోజు కూలి, ముట్టింది, వారికి ఎవరూ అన్యాయం చేయలేదు; అయినా సాయంత్రం అయిదు గంటలకు వచ్చినవారి చేతిలోనూ అదే దేనారం చూసేసరికి తమ కూలి తక్కువైనట్లు తోచింది. యజమాని కావాలనే ఆఖరున వచ్చినవారికి ముందుగా, అందరూ చూస్తుండగా ఇప్పించాడు. ముందు వచ్చినవారికి ముందే ఇచ్చి పంపేసి ఉంటే వారు తృప్తిగా ఇంటికి పోయేవారు.

గమనించవలసినది ఏమిటంటే, వారు సణిగింది తోటి కూలివారి మీద కాదు, యజమాని మీద. "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" అని ఆయన అడిగిన ప్రశ్నను ఆ అమ్మాయి తనంతట తానే వేసుకుంటోంది. కాబట్టి ఆ తగాదాను స్నేహితురాలితో కాక దేవునితోనే తేల్చుకోమనండి. 73వ కీర్తనలో కీర్తనకారుడైన ఆసాపు "మత్సరపడితిని" అని దాచకుండా చెప్పుకున్నాడు. అయితే అతడు అసూయపడింది భక్తిహీనులను చూసి గనుక, వారి అంతం తలచుకుని ఊరట పొందాడు. తోటి విశ్వాసి విషయంలో ఆ ఊరట పనికిరాదు, ఆ నిజాయితీ మాత్రం పనికివస్తుంది.

జవాబు: పాస్టరమ్మ, ఖమ్మం

పోస్టులు పెట్టేవారి సంగతి నేను చెబుతాను. ఆరాధనలో ఒక సహోదరి నిలబడి సాక్ష్యం చెప్పినప్పుడు, రెండుసార్లు వీసా తిరస్కరించారనీ, అప్పు ఇచ్చినవారు ఇంటికి వచ్చారనీ కూడా చెబుతుంది. వినేవారిలో సగంమంది ఆమె కోసం ఉపవాసముండి ప్రార్థించినవారే గనుక ఆ మేలు వారిది కూడా అవుతుంది. స్టేటస్‌లో పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే మిగులుతుంది. పోస్టు పెట్టవద్దని నేను ఎవరికీ చెప్పను. కానీ సీమంతం ఫోటోలు పెట్టేముందు, పిల్లల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న సహోదరికి ఫోన్ చేసి ఆ వార్త స్వయంగా చెప్పమంటాను. "ఏడ్చువారితో ఏడువుడి" అన్న మాట మనకు మేలు జరిగిన రోజుకు కూడా వర్తిస్తుంది.

జవాబు: తెలుగు సంఘ సభ్యుడు, డల్లాస్

కొన్నాళ్లు ఆ స్టేటస్‌లను మ్యూట్ చేసుకోవడంలో తప్పు లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లోనైతే 2021 నుండి లైకుల సంఖ్యను కూడా దాచుకోవచ్చు. అయితే ఫోన్ లేని కాలంలోనే దావీదును తనకంటే ఎక్కువగా పొగుడుతూ స్త్రీలు పాడిన ఒక్క పాట విని సౌలు రాజు అతని మీద విషపు చూపు నిలిపాడు. ఇక్కడినుండి మేము పంపే ఇంటి ఫోటోల్లో ముప్పై ఏళ్ల అప్పు గానీ, హెచ్-1బి గడువు గురించిన దిగులు గానీ కనబడవని కూడా ఆమెకు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

అన్నయ్యగారూ, ఆ అప్పు సంగతి చెబితే ఆమె మనస్సు తేలికపడవచ్చు గానీ, అది ఎదుటివారి కష్టం విని పొందే ఊరట అవుతుందేమోనని జంకుతున్నాను. ద్రాక్షతోట ఉపమానాన్నే ఈ శనివారం కూటంలో అందరితో కలిసి చదువుతాము. పాస్టరమ్మ గారూ, మీరు చెప్పిన ఫోన్ విషయం మా స్త్రీల సమాజంలో తప్పక చెబుతాను.