వరండా గ్లోబులో ఎల్‌ఈడీ బల్బు నాలుగు నెలలకు మించి ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న (పర్లాకిమిడి నుండి):
అందరికీ నమస్కారం. మా పాత పెంకుటింటి వరండాలో తాతగారి కాలంలో బిగించిన పాలగాజు గ్లోబు ఒకటి ఉంది. కిందటి దసరా నుండి ఇప్పటికి అందులో మూడు తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మాడిపోయాయి. అదే రకం బల్బు పడకగదిలో మూడేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా వెలుగుతోంది. పెట్టె మీద 25,000 గంటలని ముద్రించారు. రోజుకు ఆరు గంటల లెక్కన అది పదకొండేళ్ల పైమాటే. రాత్రివేళ మా అమ్మగారు పెరట్లోకి వెళ్లేది ఆ వరండా మీదుగానే కనుక, దీపం ఎప్పుడు ఆరిపోతుందోనన్న బెంగ నన్ను వదలడం లేదు. పూర్వం ఇదే గ్లోబులో 60 వాట్ల పాత బల్బు నిక్షేపంగా వెలిగేది. లోపం బల్బుదా, కరెంటుదా, బిగించిన చోటుదా?

జవాబు (గుణుపురం నుండి; వైరింగ్ పని చేస్తాను):
చోటుదేనని నా అభిప్రాయం. ఆ గ్లోబు పాత బల్బు కోసం చేసినది. ఫిలమెంటు తీగ దాదాపు 2,500 డిగ్రీల వేడిలో వెలిగేది, దాని లోపల వేడికి చెడే భాగం మరొకటి లేదు. ఎల్‌ఈడీ బల్బు మెడలో మాత్రం కరెంటును మార్చి ఇచ్చే డ్రైవరు ఉంటుంది, అందులో కరెంటును కొద్దిసేపు నిల్వ ఉంచే చిన్న కెపాసిటరు ఉంటుంది. దానిలోని ద్రవం వేడికి మెల్లమెల్లగా ఆరిపోతుంది, పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది. మూసిన గ్లోబులో బల్బు తలకిందులుగా వేలాడుతున్నప్పుడు వేడిగాలి పైకి చేరి సరిగ్గా ఆ మెడ చుట్టూనే నిలుస్తుంది. పెట్టె మీది గంటలు గాలి ఆడే చోటికి చెప్పినవి.

హోల్డరును కూడా తప్పక చూడండి. మనవైపు ఇళ్లలో ఎక్కువగా ఉండే పిన్ను హోల్డరులో రెండు ఇత్తడి పిన్నుల వెనుక స్ప్రింగులు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి బిగువు తగ్గి, పిన్ను బల్బు అడుగున ఉన్న సీసపు బొట్టును గట్టిగా నొక్కదు. ఆ సందులో రవ్వలు పుట్టి, కరెంటు క్షణక్షణం తెగుతూ అతుకుతూ డ్రైవరును దెబ్బతీస్తుంది. మాడిన బల్బును తిప్పి చూడండి, బొట్టు మీద సూదితో పొడిచినట్టు నల్లని గుంట ఉంటే అనుమానమే అక్కరలేదు. చేయి పెట్టేముందు మెయిన్ ఆపండి, ఒక్క స్విచ్చి ఆపితే చాలదు. పాత వైరింగ్‌లో కొన్నిచోట్ల స్విచ్చిని ఫేజుకు (కరెంటు వచ్చే తీగకు) బదులు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మీద వేశారు, అటువంటప్పుడు దీపం ఆరినా హోల్డరులో కరెంటు ఉంటుంది. నేను పని నేర్చుకున్న రోజుల్లో నాకు షాకు తగిలింది ఇలాంటి హోల్డరులోనే.

జవాబు (బరంపురం నుండి):
పై మాటతో ఏకీభవిస్తూ ఒకటి చేరుస్తాను. ఒక గదిలో దీపాలు ఉన్నట్టుండి ప్రకాశించి, అదే సమయంలో మరో గదిలో మందగిస్తే, అది న్యూట్రల్ వదులైన గుర్తు. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో న్యూట్రల్ తెగితే కొన్ని దీపాల మీద 230 వోల్టులకు బదులు 400కు దగ్గరగా పడే ప్రమాదం ఉంది, అప్పుడు బల్బులతో పాటు ఫ్రిజ్ కూడా పోతుంది. అటువంటి లక్షణం కనిపిస్తే ఆ పూటే మెయిన్ ఆపి లైన్‌మన్‌ను పిలవాలి. మీ ఇంట్లో ఒక్క వరండా దీపమే పోతోంది కాబట్టి మీ సమస్య ఇది కాదు.

ప్రశ్నించినవారి మాట:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మెయిన్ ఆపి, మా పక్కింటి ఎలక్ట్రీషియన్ తమ్ముడి చేత గ్లోబు దింపించాను. అడుగున అంగుళం మందాన ఎండిన పురుగులు ఉన్నాయి. హోల్డరులో ఒక పిన్ను వేలితో నొక్కితే లోపలికి వెళ్లి, తిరిగి పైకి రాలేదు. మూడు బల్బుల్లో రెండింటికి, గుణుపురం అన్నగారు చెప్పినట్టే, ఒక బొట్టు మీద నల్లని గుంట ఉంది. స్విచ్చి మాత్రం ఫేజు మీదే ఉంది. కొత్త హోల్డరు వేయించి, గ్లోబు తీసేసి, కింద తెరిచి ఉన్న రేకు గొడుగు పెట్టించాను. బల్బు మెడ మీద ఈనాటి తేదీ మార్కరుతో రాశాను. తాతగారి గ్లోబును కడిగి అటక మీద దాచాము.