మా నాన్న తప్పెటకి తోలు బిగించేవాళ్ళు ఎవరైనా తెలుసా?

అందరికీ నమస్కారం. మేము గాజువాకలో ఉంటాం. మా నాన్నకి 74 ఏళ్ళు. 1985లో స్టీల్ ప్లాంట్ పని కోసం విజయనగరం వైపు పల్లె నుంచి ఇక్కడికి వచ్చారు. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో తప్పెటగుళ్ళు ఆడేవారు.

తెలియనివాళ్ళ కోసం: అది ఉత్తరాంధ్ర గొల్లల ఆట. గుండ్రటి తప్పెటని గుండెల మీద కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ళకి గజ్జెలతో ఎగురుతూ పాడతారు. గంగమ్మ పాటలు, కృష్ణుడి పాటలు ఎక్కువ.

రెండేళ్ళుగా నాన్నకి మతిమరుపు. ఒక్కోసారి నా పేరు కూడా గుర్తుండదు. మొన్న ఫోన్‌లో తప్పెటగుళ్ళ వీడియో పెట్టాను. ఆయన చెయ్యి మెల్లగా ఛాతీ మీదకి వెళ్ళింది. వేళ్ళు సరిగ్గా దరువుకి పడ్డాయి. తర్వాత రెండు చరణాలు తడబడకుండా పాడారు! నేను ఏడ్చేశాను. ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడనిపించింది.

అటక మీద ఆయన పాత తప్పెట ఉంది. తోలు ఒక పక్క చిరిగిపోయింది, తాడు పుచ్చిపోయింది. అనకాపల్లి, విజయనగరం వైపు దీన్ని బాగుచేసేవాళ్ళు ఉన్నారా? కొత్తది కొనొచ్చు గానీ, ఆయన చెయ్యి పడి అరిగినది ఇదే.

ఇంకొకటి. ఆయన పాడేది రికార్డు చేస్తుంటే ఫ్యాన్ మోతలో మాటలు వినపడట్లేదు. మామూలు ఫోన్‌తోనే బాగా రావాలంటే ఏం చెయ్యాలి? మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళకి రోజూ పాటలు వినిపించినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఏ వేళలో, ఎంతసేపు పెట్టేవారో కూడా చెప్పండి. సాయంత్రం అయితే ఆయనకి కంగారు ఎక్కువవుతోంది.