చెరువు మట్టి ముందా, పెంట ఎరువు ముందా?

ఎర్రచల్క_హన్మకొండ:
ఇంటి వెనక గుంటెడు జాగా ఉంది. పైన ఎర్ర చల్క, అడుగు తవ్వితే మొరం. పొద్దున నీళ్లు పోస్తే మధ్యాహ్నానికే టమాట, వంగ మొక్కలు వాడిపోతున్నాయి. చెరువు మట్టి కొట్టించమని మా మామ అంటున్నాడు. ఆఫీసులో దోస్తు మాత్రం డబ్బులు పెట్టి బురద కొనుక్కోకు, పశువుల ఎరువు వెయ్ అంటున్నాడు. ఈ ఎండాకాలం ఒక్క పనికే బడ్జెట్ ఉంది. దేనికి పెట్టాలి?

నర్సంపేట_రైతు:
చెరువు మట్టికే, తమ్మీ. చల్కలో ఇసుక ఎక్కువ, బంకమన్ను తక్కువ. నీళ్లయినా ఎరువైనా పట్టుకునేది ఆ బంకమన్నే. అది లేకపోతే నువ్వేసిన సత్తువంతా నీళ్లతో కిందికి దిగిపోతుంది. చేలల్లోంచి వానకు కొట్టుకుపోయిన మెత్తటి మన్ను చెరువులోనే చేరుతుంది కాబట్టి మన పెద్దోళ్లు ఎండాకాలం ఎడ్లబండ్ల మీద దాన్ని తిరిగి చేలకు తోలేవాళ్లు. 2015లో చెరువుల పూడిక తీసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక ట్రాక్టర్లతో తోలుకున్నారు, అంతే తేడా. పెంట ఎరువు మన ఎండలకు ఆగదు. జూన్‌లో వేసింది మళ్లీ ఎండాకాలానికి వెతికినా కనబడదు. బంకమన్ను ఒక్కసారి కలిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది.

కాజీపేట_పెరటితోట:
అన్నా, ఎరువు కనబడకుండా పోయిందంటే సూక్ష్మజీవులు తిన్నాయనే కదా! అవి తింటేనే మొక్కకు నత్రజని అందేది. మీరు నేలను బోడిగా వదిలేస్తారు, అందుకే అంత తొందరగా పోతుంది. మేలో 44 డిగ్రీల ఎండ నేరుగా మట్టి మీద పడితే ఏం మిగులుతుంది? మొక్కల మొదళ్లలో నాలుగు వేళ్ల మందం వరిగడ్డి, ఎండాకులు పరవండి. నీళ్లు పెట్టే లెక్కే మారిపోతుంది.

ఇంకో సంగతి. టౌన్ చుట్టుపక్కల చాలా చెరువుల్లో డ్రైనేజీ కలుస్తోంది. ఆ మట్టిలో సీసం, కాడ్మియం లాంటివి ఉంటే ముందు ఎక్కేది ఆకుకూరల్లోకే. ఆ పాలకూర మీ పిల్లలకు పెడతారా?

నర్సంపేట_రైతు:
డ్రైనేజీ కలిసే చెరువు మట్టి తెమ్మని నేనెక్కడన్నా, అక్కా?

రిటైర్డ్_ఏఈవో_పరకాల:
ఇద్దరూ ఎవరి నేల గురించి వాళ్లు మాట్లాడుతున్నారు. మా పరకాల వైపు నల్లరేగడిలో చెరువు మట్టి పోయడం దండగ, అందులో బంక ముందే ఎక్కువ. అక్కడ నేను కూడా ఎరువే వేయమంటాను. కానీ అడిగింది మొరం మీది చల్క గురించి. దానికి ముందు మట్టే. కాకపోతే ట్రాక్టర్ పిలవకముందు ఒక పని చేయండి. గాజు సీసాలో మీ మట్టి మూడో వంతు వేసి, నీళ్లు పోసి, బాగా ఊపి ఒక రోజు కదపకుండా పెట్టండి. ముందు ఇసుక కూర్చుంటుంది, దానిపైన ఒండ్రు, అన్నిటికీ పైన బంక. చెరువు మట్టిని కూడా అలాగే చూడండి. అందులోనూ ఇసుకే ఎక్కువ తేలితే కిరాయి వృథా. చౌడు అనుమానం ఉంటే ఉదజని సూచిక (pH), లవణాలు పరీక్ష చేయించాలి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

చాలామంది చెడగొట్టుకునేది పోసే దగ్గరే. మట్టిని పైన పరిచి వదిలేస్తే ఎండకు పెళ్లలు కట్టి పగుళ్లిస్తుంది, నీళ్లు లోపలికి దిగవు. రెండు మూడు అంగుళాలు పోసి, ఎండనిచ్చి, గడ్డలు పగలగొట్టి, కింది చల్కతో జానెడు లోతు దాకా కలపాలి. తడి మీద మాత్రం తొక్కొద్దు.

ఎర్రచల్క_హన్మకొండ:
సార్, మా మామ వాళ్ల ఊరి చెరువులో డ్రైనేజీ కలవదు. మట్టికే డబ్బులన్నీ అయిపోతే ఎరువు సంగతేంటి?

రిటైర్డ్_ఏఈవో_పరకాల:
తొలకరికి జనుము చల్లండి. గుంటకు అరకిలో లోపే విత్తనం. పూత మొదలవగానే, అంటే నలభై అయిదు రోజులకు అటూ ఇటూగా, కోసి మట్టిలో కలిపేయండి. రెండు మూడు వారాలు మగ్గాక బెండ, గోరుచిక్కుడు పెట్టుకోవచ్చు. చేనైతే ఎరువు కోసం గొర్రెల మంద పెట్టించమనేవాణ్ణి, కాలనీలో పక్కింటివాళ్లు ఊరుకోరు. ఎవరైనా సగం మాగిన పేడ చవగ్గా ఇస్తామంటే మాత్రం తీసుకోకండి, వేరుపురుగు, చెదలు వెంట వస్తాయి.

కాజీపేట_పెరటితోట:
జనుముకు నేనూ ఓకే. కానీ చెరువు మట్టితో వచ్చే తుంగ మాట ఎవరూ ఎత్తట్లేదేం? మా పక్కింట్లో మట్టి పోయించాక ఎంత పీకినా పోవట్లేదు.

నర్సంపేట_రైతు:
పైన గడ్డి మొలిచిన చోట తియ్యొద్దు, ఆ పొర గీకేసి కింది నుంచి ఎత్తించాలి. అయినా కొన్ని తుంగ గడ్డలు వస్తాయి. పీకితే పైది తెగి కింద గడ్డ మిగిలిపోతుంది, పారతో లోతుగా తవ్వి ఏరెయ్యాలి. అది ఓపిక పనే, ఒప్పుకుంటా.