జీతం ఎక్కువని తొలగిస్తే అది వయసు వివక్ష అవుతుందా?

కృష్ణాతీరం:
2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతాన్ని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటున్నట్టు ప్రకటించినప్పుడు, వారిలో ఎక్కువ మంది మధ్యస్థాయి, పైస్థాయి ఉద్యోగులేనని కూడా చెప్పింది. నైపుణ్యాలు సరిపోకపోవడమే కారణమన్నది సంస్థ మాట. నేను ఆ ఒక్క సంస్థను దృష్టిలో పెట్టుకుని అడగడం లేదు. ఐటీలో పైస్థాయి అంటే ఇంచుమించు నలభైకి అటూ ఇటూ ఉన్నవారే కనుక, గ్రేడు చూసి జాబితా వేసినా, జీతం చూసి వేసినా దెబ్బ తగిలేది వయసుకే. దీన్ని వివక్ష అనే అనాలన్నది నా వాదన. మన రాజ్యాంగం 15వ అధికరణలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అని వరుసగా చెప్పింది గానీ అందులో వయసు లేదు. ప్రైవేటు కొలువుల జోలికి ఆ అధికరణ రాదు కూడా.

లెక్కలపద్దు:
కృష్ణాతీరం గారూ, ముగ్గురు కొత్తవారి జీతం ఒక్కరే తీసుకుంటున్న చోట, ఆదాయం తగ్గినప్పుడు కోత పడటం ఖర్చుకు సంబంధించిన విషయమే తప్ప వయసు మీద కక్ష కాదు. ఐటీ సేవల వ్యాపారం నడిచేదే పిరమిడ్ పద్ధతిలో. అడుగున కొత్తవారు ఎక్కువగా, పైన అనుభవజ్ఞులు తక్కువగా ఉంటేనే క్లయింటు ఇచ్చే రేటులో లాభం మిగులుతుంది. పైవారిని కదపకూడదంటే, ఆఫర్ లెటర్ పట్టుకుని జాయినింగ్ తేదీ కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు చోటెక్కడ? అమెరికా సుప్రీంకోర్టు సైతం 1993లో హేజెన్ పేపర్ కేసులో సర్వీసు ఏళ్లు వేరు, వయసు వేరు అని తేల్చింది.

ఎడిసన్‌వాసి:
కథ ఆ తీర్పుతో ఆగలేదు. ఉద్యోగాల్లో వయసు వివక్షను నిషేధించే 1967 నాటి చట్టం ఇక్కడ అమెరికాలో నలభై నిండినవారికి రక్షణ ఇస్తుంది. దురుద్దేశం లేకపోయినా భారం పెద్దవారి మీదే పడితే దావా వేయవచ్చని 2005లో అదే కోర్టు ఒప్పుకుంది. అయితే వయసుతో సంబంధం లేని సహేతుక కారణం చూపిస్తే సంస్థ బయటపడుతుంది. 2009లో వచ్చిన తీర్పు ముడి ఇంకా బిగించింది: తన వయసు అది కాకపోయి ఉంటే తొలగింపు జరిగేదే కాదని ఉద్యోగే రుజువు చేసుకోవాలి. కాబట్టి చట్టం ఉంటే చాలనుకోవడం తొందరపాటు.

నాకు అసలు విలువైనదిగా కనిపించేది ఆ చట్టంలో 1990లో చేర్చిన నిబంధన. మూకుమ్మడి తొలగింపులో డబ్బిచ్చి, వయసు వివక్ష దావా వేయనని సంతకం పెట్టించుకోవాలంటే, నలభై నిండిన ఉద్యోగికి ఆలోచించుకోవడానికి 45 రోజులు, సంతకం వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. ఆ విభాగంలో ఎవరెవరిని తీశారో, ఎవరిని ఉంచారో హోదాల వారీగా వయసులతో సహా రాసివ్వాలి. ఐబీఎం 2014లో ఈ జాబితా ఇవ్వడం మానేసి, వయసు ఫిర్యాదులను ఎవరికి వారు విడిగా మధ్యవర్తిత్వానికి తీసుకెళ్లాలనే షరతు పెట్టిందని ప్రోపబ్లికా అనే అమెరికా వార్తాసంస్థ 2018లో బయటపెట్టింది. ఐబీఎం వయసు వివక్ష చూపిందని నమ్మడానికి కారణాలున్నాయని 2020లో అమెరికా ప్రభుత్వ సమాన ఉపాధి అవకాశాల కమిషన్ తేల్చింది. పెద్ద వయసు ఉద్యోగులను 'డైనోబేబీస్' అన్న ఈమెయిళ్లు 2022లో కోర్టు పత్రాల ద్వారా బయటికొచ్చాయి. వివక్ష ఏదీ లేదన్నది ఐబీఎం సమాధానం.

మనవాళ్ల సంగతి మరీ ఇరుకు. హెచ్‌-1బీ మీద ఉన్నవారికి కొలువు పోయాక ఇక్కడ ఉండటానికి మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. ఇంటి లోను, పిల్లల చదువు నెత్తిన ఉన్న నలభై ఐదేళ్ల మనిషి ఆ గడువులో జాబితా చదువుతాడా, కొత్త స్పాన్సర్‌ను వెతుక్కుంటాడా?

లెక్కలపద్దు:
మన దగ్గర చట్టం పెద్దవారి వైపే ఉంది కదా. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25జీ ప్రకారమైనా, దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారమైనా మామూలుగా చివర చేరినవారే ముందు వెళ్లాలి.

కృష్ణాతీరం:
అది కార్మికులకు. మేనేజర్లు ఆ నిర్వచనంలోకే రారు. పర్యవేక్షణ చేసేవారిని కార్మికులుగా లెక్కించడానికి నెలకు 10 వేలుగా ఉన్న జీతం హద్దును కొత్త కోడ్‌లో 18 వేలకు పెంచారు; గచ్చిబౌలిలో ఆ జీతానికి పనిచేసే టీమ్ లీడ్‌ను చూపించండి! పైగా చాలామందిని తొలగించరు, రాజీనామా చేయమంటారు. కాగితం మీద అది స్వచ్ఛందం కనుక తొలగించినవారికి సర్వీసులో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున ఇవ్వాల్సిన పరిహారం లెక్కే పుట్టదు.

ఖర్చే కారణమైతే, తక్కువ జీతానికి ఉంటారా అని ముందుగా ఆ ఉద్యోగినే అడగవచ్చు కదా?

లెక్కలపద్దు:
అడిగినా ఫలితం ఉండదు. జీతం తగ్గిన సీనియర్ మనసు పెట్టి పనిచేయడు, నాలుగు నెలల్లో వేరే చోటికి పోతాడు.

కృష్ణాతీరం:
వేరే చోటికి పోవడంలో పాతికేళ్లవారు తక్కువ తిన్నారా? ఆ మనిషిని అడగకుండానే అతని తరఫున మీరు జవాబు చెప్పేశారు. నేను వివక్ష అంటున్నది సరిగ్గా దాన్నే. ఎడిసన్‌వాసి గారు చెప్పిన జాబితాను, పేర్లు లేకుండా గ్రేడు వారీగా వయసులతో, ఇక్కడా తప్పనిసరి చేయాలి.

లెక్కలపద్దు:
వందమందికి పైగా తీసేసే చోట దానికి నాకు అభ్యంతరం లేదు. ఎనిమిది మంది ఉన్న టీమ్‌లో మాత్రం వయసు రాస్తే పేరు రాసినట్టే. అక్కడ నేను ఒప్పుకోను.